తప్పిన మెలికలు

మా అక్కకి పక్షవాతం వచ్చి అది తొమ్మిదో రోజు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. ఎదుటివాళ్ళు చెప్పేదంతా అర్థమవుతూనే ఉంటుందని డాక్టరు అన్నది. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మంచం పక్కన తువ్వాలు నేను వంకరగా మడత పెట్టినప్పుడు అక్క చూసిన చూపు చాలు.

డాక్టరు చిన్న వయసు మనిషి. రోజూ ఉదయం వార్డులోకి రాగానే ఒకటే ప్రశ్న వేసేది. ఇంతకుముందు ఎప్పుడైనా చెయ్యి తిమ్మిరెక్కిందా, వస్తువులు జారిపోయాయా, మాట తడబడిందా అని. మా బావ రోజూ ఒకటే జవాబు చెప్పేవాడు.

"లేదండీ. ఉన్నట్టుండి వచ్చింది. ఆ పొద్దున కూడా నాకు కాఫీ ఇచ్చింది."

ఆ రోజు మాత్రం డాక్టరు అక్కడితో వదల్లేదు. చేతిలో కాగితాలు మంచం చివర పెట్టి, నెమ్మదిగా చెప్పింది.

"ఇన్నిసార్లు ఎందుకు అడుగుతున్నానంటే, చిన్నచిన్నవి ముందే వచ్చి పోయి ఉంటే మెడలో రక్తనాళం మూసుకుపోతోందేమో చూడాలి. అదే అయితే ఇంకో దెబ్బ వచ్చేందుకు ఎంతో కాలం పట్టదు. ఈసారి వస్తే మనిషి దక్కదు. చూపించాలంటే పెద్దాసుపత్రికి పంపాలి. నాలుగు గంటల ప్రయాణం. ఈ స్థితిలో ఊరికే కదిలిస్తే దారిలోనే ఏమైనా కావచ్చు. కారణం ఉంటేనే పంపుతాను, అదీ మీరు సంతకం పెడితేనే. మళ్ళీ ఒకసారి ఆలోచించండి. ఏమీ లేదంటే ఎల్లుండి ఇంటికి తీసుకెళ్ళొచ్చు."

"ఆలోచించడానికేం లేదండీ," అన్నాడు బావ.

మా బావ సర్వేయరుగా చేసి రిటైరైన మనిషి. అంగుళం తేడా వస్తే ఆ పూట అన్నం ముట్టడు. తను కొలిచిందే కొలత, తను చూసిందే నిజం. ఇంట్లో తను చూడనిది కూడా జరుగుతుందని ఆయనకి ముప్పై ఏళ్ళ కాపురంలో ఎవరూ చెప్పలేదు.

నేను మంచం కాళ్ళవైపు నిలబడి ఉన్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, డాక్టరు అటు తిరిగినా ఇటు తిరిగినా నన్నే చూస్తోందనిపించింది. ఎందుకంటే మొదటి రోజు ఆమె నన్నూ అడిగింది. నేనూ లేదనే చెప్పాను.

అబద్ధం చెప్పాను.

మా అక్క ఆడపిల్లల బడిలో చేతిపనుల టీచరు. కుట్టు, అల్లిక నేర్పుతుంది. ముఖ్యంగా అల్లిక. ఒక్క కుట్టు తప్పినా "విప్పు" అనేది. స్వెటరు వీపుభాగమంతా అల్లేశాక తప్పు కింద అంచులో దొరికినా అదే మాట. పిల్లలు చాటుగా ఆమెని విప్పుడు టీచరు అనేవాళ్ళు. ఆ పిల్లలకంటే ముందు ఆమె చేతికి చిక్కిన మొదటి శిష్యురాలిని నేను. ఎనిమిదేళ్ళప్పుడు నేను అల్లిన మఫ్లరు పదకొండుసార్లు విప్పించింది. అప్పట్నుంచి ఇంట్లో నా పేరు చిక్కు. మా నాన్న పెట్టాడు, బావ నిలబెట్టాడు. బస్టాండులో విచారణ కిటికీ దగ్గర కూర్చుని రోజుకి వెయ్యిమందికి దారి చెప్పే దాన్ని, యాభై రెండేళ్ళ మనిషిని, ఇప్పటికీ ఆ ఇంటి గుమ్మం తొక్కితే "చిక్కు వచ్చింది" అంటాడాయన.

అక్క పడిపోవడానికి నాలుగు వారాల ముందు ఒక ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. బావ ముందుగదిలో పేపరు చదువుతున్నాడు. అక్క కళ్ళతోనే నన్ను వంటింట్లోకి పిలిచింది. తలుపు దగ్గరగా వేసింది. ఆ పూట డబ్బాల వెనక దాచిన అల్లిక సంచీ తీసింది. అందులో బావ కోసం అల్లుతున్న స్వెటరు ముందుభాగం ఉంది, ఇంకా సూది మీదే. ముదురు బూడిదరంగు ఊలు. మధ్యలో జడ అల్లినట్టుండే రెండు పట్టీలు, మేం జడలనేవి, కిందనుంచి పైకి నడుస్తున్నాయి. ప్రతి ఎనిమిదో వరసకీ మూడు కుట్లు ఇంకో మూడు కుట్లమీదుగా దాటిస్తే ఒక మెలిక పడుతుంది. ఎడమ జడ మెలికలన్నీ ఎడమకి, కుడి జడవన్నీ కుడికి తిరగాలి. నాలాంటి వాళ్ళు తడబడేది సరిగ్గా అక్కడే.

"ఇది చూడవే," అంది అక్క.

చూశాను. కుడి జడలో ఒక మెలిక ఎడమకి తిరిగి ఉంది.

నేను నవ్వాను. మామూలుగా కాదు. గట్టు పట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాను. నలభై నాలుగేళ్ళుగా ఆ ఒక్క తప్పు కోసం కాచుకుని ఉన్నాను మరి. "ఇన్నాళ్ళకి నువ్వూ మనుషుల్లో పడ్డావే!" అన్నాను. అక్క కూడా నవ్వబోయింది.

"మీ బావకి చెప్పకు," అంది. "ఎవరికీ చెప్పకు. నువ్వే సరిచెయ్యి. కొక్కెం సూది నా చేతిలో నిలవట్లేదు."

ఆ చివరి మాట నాకు వినబడింది. వినబడలేదని ఏ దేవుడి ముందూ ప్రమాణం చెయ్యలేను. విన్నాను, పక్కన పెట్టేశాను. నా మనసంతా ఆ మెలిక మీదే ఉంది.

దాన్ని సరిచెయ్యడానికి మొత్తం విప్పక్కర్లేదు. జడలో ఆరు కుట్లే సూది మీంచి వదిలేసి, తప్పు ఉన్న వరసదాకా కిందికి జారనివ్వాలి. మధ్యలో నిచ్చెన మెట్లలా దారాలు నిలబడతాయి. అక్కడ మెలిక సరైన వైపు తిప్పి, ఒక్కో మెట్టునీ కొక్కెంతో అందుకుంటూ మళ్ళీ పైకి కట్టుకురావాలి. నా జన్మలో ఏనాడూ తిన్నగా చెయ్యలేకపోయిన పని అది. ఆ రోజు మాత్రం అక్క ఊపిరి బిగబట్టి చూస్తూంటే, గంటలో పూర్తి చేశాను. అక్క దాన్ని తడిపి, తువ్వాలు పరిచి ఆరబెట్టింది. ఆరాక ఎక్కడ చేశానో నాకే కనబడలేదు.

"బాగా చేశావే," అంది.

ఆ ఒక్క మాటకి నేను ఎంత పొంగిపోయానో చెబితే సిగ్గుచేటు. ఆ వారమంతా బస్టాండులో ఎవరిమీదా అరవలేదు. పక్క కిటికీ ఆయన ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. తరవాత మూడు ఆదివారాల్లో ఇంకో నాలుగు మెలికలు సరిచేశాను. అంటే మొత్తం అయిదు. ఆదివారం ఎప్పుడొస్తుందా అని చూసేదాన్ని. అక్క చెయ్యి తప్పులు చెయ్యాలని కోరుకున్నాను. ఉన్నమాట చెబుతున్నాను. తప్పు ఎందుకు వస్తోందని అడగాలన్న ఆలోచనే రాలేదు. అల్లిక తెలియని మనిషైతే ఆ చెయ్యి చూసేది. నేను అల్లిక చూశాను.

ఇప్పుడు ఆ చెయ్యి దుప్పటి మీద వెల్లకిలా పడి ఉంది.

డాక్టరు కాగితాలు తీసుకుంటోంది. బావ మంచం కింది సంచీ లాగి, "ఒక్క నిమిషమండీ," అన్నాడు. స్వెటరు ముక్క బయటికి తీసి ఆమె ముందు పరిచాడు.

"ఇది చూడండి. పడిపోయే ముందురోజుదాకా అల్లింది. చెయ్యి ఏమాత్రం తేడాగా ఉన్నా ఇలా వస్తుందా? స్కేలు పెట్టి గీసినట్టు లేదూ? నేను కొలిచి చూశాను. ఒక్క తప్పు లేదు."

డాక్టరు వేళ్ళతో జడ తడిమింది. "నిజమే, చాలా బాగుంది," అంది. కలం తీసి కాగితం మీద ఏదో రాయబోయింది.

నేను అక్కవైపు చూశాను. అక్క నన్నే చూస్తోంది. ఏం చెప్పబోతున్నానో తెలిసిపోయింది. దిండు మీద తల అటూ ఇటూ నెమ్మదిగా ఆడించింది. వద్దని. ప్రాణం పోతుందన్నా సరే, వద్దని. నాకు ఒళ్ళు మండింది. పరువు పట్టుకుని ఎక్కడికి పోతావే అనుకున్నాను.

"డాక్టరుగారూ, ఆ తప్పులు నేను సరిచేశాను," అన్నాను.

ముగ్గురూ నావైపు తిరిగారు. చెప్పాను. నాలుగు ఆదివారాలు, అయిదు మెలికలు, కొక్కెం సూది చేతిలో నిలవడం లేదన్న మాట. నవ్విన సంగతి మాత్రం చెప్పలేదు.

"మొదటి రోజు మిమ్మల్నీ అడిగాను. లేదన్నారు," అంది డాక్టరు.

"అబద్ధం చెప్పానండీ."

"ఎందుకు?"

నేను నోరు తెరిచేలోపే బావ అందుకున్నాడు.

"నువ్వు సరిచేశావా? నువ్వు? మీ అక్క తప్పు చెయ్యడం, దాన్ని నువ్వు దిద్దడమా? నువ్వు అల్లిన టోపీ మా కుక్కకి కూడా పట్టలేదు కదే చిక్కూ! మనిషి ఇలా పడి ఉంటే ఇప్పుడు కూడా నీ గొప్పేనా? నువ్వు చెప్పావని నాలుగు గంటలు దారిలో తిప్పి ఆవిణ్ణి చంపుకోమంటావా?"

భయంతో అరుస్తున్నాడని నాకు తెలుసు. అయినా ఆ మాట నా ముఖం మీద కొట్టినట్టే తగిలింది.

"చూపిస్తాను," అన్నాను.

"ఏమిటి చూపించేది?"

"అక్కడ ఎలా దిద్దానో మీ ఎదురుగా చేసి చూపిస్తాను. అప్పుడైనా నమ్ముతారు కదా!"

ముక్క లాక్కున్నాను. కొక్కెం సూది ఇంట్లో ఉండిపోయింది. నా తలలోంచి హెయిర్‌పిన్ను పీకి, కొస వంచాను. డాక్టరు గడియారం చూసుకుంది గానీ ఆగింది. కుడి జడలో ఆరు కుట్లు సూది మీంచి వదిలాను.

వంటింట్లో అక్క పక్కన కుదిరిన చెయ్యి అక్కడ కుదరలేదు. కుట్లు నేను ఆపుదామనుకున్న చోట ఆగలేదు. ఒక మెలిక దాటాయి, రెండోది దాటాయి. హెయిర్‌పిన్నుతో ఒక దారాన్ని అందుకోబోతే పక్కది చీలింది. దాన్ని పట్టుకోబోతే సూది జారి, పక్కనున్న ఇంకో పది కుట్లు ఊడిపోయాయి. చెమట కళ్ళలోకి దిగుతోంది. లెక్క మరిచిపోయాను. మొదటినుంచి లెక్కపెట్టాను, మళ్ళీ మరిచిపోయాను. ఒక్క వరస కట్టు, ఒక్కటంటే ఒక్కటి, అని నన్ను నేనే తిట్టుకున్నాను. చేతిలో ఉన్న గుడ్డ మధ్యలో బొక్క పెరుగుతోంది.

"చూశారుగా డాక్టరుగారూ ఈవిడ పనితనం," అన్నాడు బావ. ఎగతాళిగా కాదు. పాపం, నీరసంగా అన్నాడు.

డాక్టరు నా భుజం మీద చెయ్యి వేసింది. "మీరు చెప్పింది రాసుకుంటాను. కానీ ఇంట్లో ఇద్దరు రెండు రకాలుగా చెబుతుంటే అంత దూరం పంపించలేనండీ," అని పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.

అప్పుడు ఏడుపొచ్చింది. మంచం పక్కన నేలమీద కూలబడ్డాను. ఊడిపోయిన ముక్క ఒళ్ళో ఉంది. నలభై నాలుగేళ్ళలో ఒకే ఒక్కసారి ఒక పని తప్పులేకుండా చేశాను. ఆ ఒక్కటే మా అక్కని చంపబోతోంది. కాస్త వంకరగా దిద్దినా సరిపోయేది కదా! ఎప్పటిలాగే దిద్దినా బావ కంటికి ఎప్పుడో ఆనేది. పట్టుపట్టి అడిగేవాడు. అక్క అప్పుడే ఆసుపత్రికి వచ్చి ఉండేది.

"అక్కా," అన్నాను, ఆమె చెవి దగ్గరికి జరిగి. "నన్ను ఎవరూ నమ్మరు. నువ్వు చెబితేనే నమ్ముతారు. ఎల్లుండి ఇంటికి పంపిస్తారట. నీ కాళ్ళు పట్టుకుంటాను. నీ పేరు పోతే పోయిందే. నువ్వు లేకపోతే నన్ను విప్పమనేవాళ్ళెవరు?"

అక్క కళ్ళు మూసుకుంది. మూసిన కళ్ళ కొసలనుంచి నీళ్ళు చెవులవైపు జారాయి. ఇక అంతేననుకున్నాను.

తరవాత ఎడమ చెయ్యి కదిలింది. నా ఒళ్ళో ఉన్న ముక్క అంచు పట్టుకుని లాగింది. నేను లేచి దాన్ని ఆమె పొట్టమీద పరిచాను. చూపుడువేలు వెతుక్కుంటూ వచ్చింది. నేను పాడుచేసిన బొక్కలో, వేలాడుతున్న దారాల మీద ఒకచోట ఆగింది. ఇంకొంచెం కిందికి జరిగి మళ్ళీ ఆగింది. అవి నేను దిద్దినవాటిలో రెండు. వేలు ఎడమ జడ మీదికి దాటింది. అక్కడొకటి. మళ్ళీ కుడి జడలో ఒకటి, దాని కింద ఇంకొకటి. అయిదు. ఒక్కటి కూడా పొల్లు పోలేదు.

బస్టాండు మైకులో పలికే గొంతుతో, "డాక్టరుగారూ!" అని అరిచాను. వార్డంతా తిరిగి చూసింది. నర్సు పరిగెత్తుకొచ్చింది. డాక్టరు వచ్చింది. బావ మంచానికి అటువైపు వంగి నిలబడ్డాడు. అక్క వేలు ఎక్కడెక్కడ ఆగిందో గబగబా చెప్పాను.

"ఏదమ్మా," అంది డాక్టరు అక్కతో. "మళ్ళీ చూపించండి."

అక్క మళ్ళీ చూపించింది. అదే వరుసలో, అవే అయిదు. డాక్టరు నా ముఖం చూసింది. అవునని తల ఊపాను. అయిపోయిందనుకుని ముక్క తియ్యబోయాను. అక్క వదల్లేదు. వేలు ఇంకా కిందికి జరుగుతోంది. మొదటి ఆదివారం నేను దిద్దిన మెలిక దాటి, చాలా కిందికి, అంచు దగ్గరపడే చోటికి వెళ్ళి ఆగింది. గోటితో రెండుసార్లు కొట్టింది.

"అది నేను చెయ్యలేదు," అన్నాను.

అక్క వేలితో ముక్క అంచు మడవబోయింది. కుదరలేదు. బావ అందుకుని తిరగేశాడు. లోపలివైపు చూశాను. ఆ మెలికని విప్పనూ లేదు, తిప్పనూ లేదు. తప్పుగా పడ్డ మెలిక లోపల అలాగే ఉంది. పైనుంచి అదే రంగు ఊలుతో, మామూలు కుట్టుసూదితో, సరైన వైపు తిరిగినట్టు కనబడేలా కుట్టేసి ఉంది. ఏ పిల్లయినా అలా చేస్తే గదిలోంచి బయటికి పంపేసేది మా అక్క. కుట్టు పోగులు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. ఒకచోట వేలికి గుచ్చుకున్నట్టుంది, ఎండిన నెత్తురు మరక కూడా ఉంది. దాని కింద అలాంటిదే ఇంకొకటి.

"ఇది ఎప్పటిది?" అడిగింది డాక్టరు. "సుమారుగా అయినా చెప్పగలరా?"

అక్క ఒక్కో జడలో వారానికి రెండు మెలికలే అల్లుతుంది. ఎక్కువా చెయ్యదు, తక్కువా చెయ్యదు. అన్నిటికన్నా కిందున్నదాని నుంచి సూదిదాకా లెక్కపెట్టాను. ఈసారి లెక్క తప్పలేదు.

"పద్నాలుగు మెలికలు. పడిపోడానికి ఏడు వారాల ముందు," అన్నాను.

డాక్టరు నర్సువైపు తిరిగింది. "నర్సమ్మా, అంబులెన్సుకి ఫోను చెయ్యి. పెద్దాసుపత్రికి నేను మాట్లాడతాను," అని కాగితం బావ చేతిలో పెట్టింది. ఎక్కడ సంతకం చెయ్యాలో వేలు పెట్టి చూపించింది. బావ కలం పట్టుకున్నాడు గానీ వెంటనే పెట్టలేదు. అక్కనే చూస్తున్నాడు.

"ఏడు వారాలా? నా పక్కనే కూర్చుని అల్లావు కదా! నాకెందుకు చెప్పలేదు?"

అక్క ఆయన్ని చూసింది. పెదవి ఒకవైపే కదిలింది. ఏదో చప్పుడు వచ్చింది, మాట రాలేదు. ఆయన వదల్లేదు. "ఒక్కరికైనా చెప్పొచ్చు కదా!" అన్నాడు. ఆ ఒక్క ప్రశ్నా అక్క మీదే వేలాడుతూ ఉండిపోతుందని నాకు తెలిసింది. నాలుగు గంటల దారిలోనూ, ఆ తరవాత ఏమైనా సరే.

"నాకు చెప్పింది బావా," అన్నాను. "నేను నవ్వాను."

ఆయన నావైపు తిరిగాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. ఈసారి చిక్కు అని కూడా అనలేదు. కాగితం మంచం మీద పెట్టి సంతకం చేశాడు. కలం గట్టిగా నొక్కాడేమో, దుప్పటి మెత్తదనానికి కాగితం చిరిగింది. డాక్టరు పర్వాలేదంది.

స్ట్రెచరు తెచ్చారు. అక్క కిందున్న దుప్పటికి నాలుగు కొసలున్నాయి. ఇద్దరు మనుషులు రెండు కొసలు పట్టుకున్నారు. బావ ఒకటి పట్టుకుని, నావైపు చూడకుండానే, "ఆ కొస నువ్వు పట్టుకో," అన్నాడు.